ఆఖరి బండి దాటేదాకా

“ఆఖరి బండి దాటేదాకా ఒక్క ఎర్రగుడ్డ కూడా దిగదు. ఇది నా మాట.”

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఉగాది మరునాడు, ఆత్మకూరు బస్టాండు ఎదుట, మోటారుసైకిళ్ల మీద కూర్చున్న మా అందరి ముందు ఒక పెద్దమనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని ఇచ్చిన మాట ఇది. మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ఆ మాట తప్పినందువల్ల నడి యవ్వనంలో భర్తను పోగొట్టుకున్న మనిషి, మొన్న శుక్రవారం తెల్లవారుజామున ఉదయగిరిలో కన్నుమూసింది. నేను ఆమెను భాభీ అని పిలిచేవాణ్ని. ఆమె భర్త నా స్నేహితుడు. నా కంటే మంచి రేసుగాడు. ఆయన నాకు భాయ్.

ఉదయగిరిలో ఆటో నడుపుకునే ఒకతను ఫోన్ చేసి చెప్పాడు. అతనెవరో కాసేపట్లో మీకే తెలుస్తుంది. “పెద్దయ్యా, బీబమ్మ పోయింది. జుమ్మా నమాజు అయినాక తీసకపోతారంట. నువ్వు బస్సెక్కు, నేను వింజమూరు కాడ ఎక్కించుకుంటా” అన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఏడుపు రాలేదు. నా వయసు వాళ్లకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. వచ్చిన కోపాన్ని ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నానో కూడా ఈ నాలుగు మాటల్లోనే చెప్పాలి.

ఆ పోటీ ఎలా జరిగేదో ఈ కాలం వాళ్లకు తెలియదు. ఆత్మకూరులో మొదలై వింజమూరు మీదుగా ఉదయగిరి కొండ కింద దాకా. జావాలు, ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు. హెల్మెట్ ఉన్నవాడు ఒకడుంటే, తలకు తువ్వాలు చుట్టుకున్నవాళ్లు పదిమంది. దారి పొడవునా పొలాల నుంచి ఎడ్లబండ్లు రోడ్డెక్కే దొంకలు ఉండేవి. ప్రతి దొంక దగ్గరా ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని, వచ్చే బండ్లను నిలబెట్టాలి. ఎప్పటిదాకా? వేపమండ దాటేదాకా. మా ఆఖరి బండి పోటీలో ఉండేది కాదు. ఆత్మకూరు మెకానిక్ పెద్దాయన దాన్ని అందరి వెనకా నింపాదిగా తోలుకొచ్చేవాడు. దాని హ్యాండిల్‌కు పూతతో ఉన్న వేపమండ కట్టేవాళ్లం. వేపమండ దాటిందంటే రోడ్డు మళ్లీ ఊరిది. అంతవరకూ మాది. ఇంతకు మించి మాకు రూలు లేదు, రక్షణా లేదు.

ప్రతి ఏడూ భాయ్ గెలిచేవాడు. ప్రతి ఏడూ నేను రెండోవాణ్ని. పోటీ అయ్యాక భోజనం వాళ్లింట్లోనే. ఉదయగిరిలో కొండకర్రతో చెంచాలూ గరిటెలూ చెక్కే ఇళ్లలో వాళ్లదొకటి. భాయ్ చెక్కితే భాభీ ఆకురాయితో నునుపు తీసేది. నేను గడపలో అడుగుపెట్టేసరికి వంటింట్లో నుంచి ఆమె గొంతు వచ్చేది.

“ఏం తమ్ముడూ, ఈసారీ మా ఆయన ఎనకాల దుమ్ము తింటివా?”

“తింటి భాభీ.”

“కడుపు నిండిందా, ఇంత అన్నం పెట్టమంటావా?”

భాయ్ నవ్వడు. అన్నం కలుపుకుంటూ, “వాడికి దుమ్ము అరగదే, పెట్టు” అనేవాడు. వాళ్లిద్దరికీ వేళాకోళం ఆడటానికి ఏడాది పొడవునా నా ఓటమి పనికొచ్చేది. నేనూ ఏనాడూ బాధపడలేదు. మంచివాడి వెనక రెండోవాడిగా ఉండటంలో ఒక సుఖం ఉంది. అది పెద్దమనుషులకు తెలియదు.

ఇక ఆ ఉగాది సంగతి. మాకు కప్పు ఇచ్చేదీ, ఎర్రగుడ్డ మనుషుల్ని పెట్టేదీ ఒక ప్రెసిడెంటు. బస్టాండు ఎదుట మాట ఇచ్చిన పెద్దమనిషి ఆయనే. ఆయన ఏ సంఘానికి ప్రెసిడెంటు అని అడగొద్దు, దేనికి కాడో చెప్పడం కష్టం. భూములున్నాయి, ట్రాక్టర్లున్నాయి, జీపుంది. ఆ రోజు ఉదయగిరిలో బహుమతుల సభకు నెల్లూరు నుంచి రావాల్సిన నాయకుడొకడు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. పందిట్లో కుర్చీలు ఖాళీ. ప్రెసిడెంటు తల తిరిగిపోయింది. వెంటనే ఒక మనిషిని సైకిలు మీద తరిమి, ఊరికి దగ్గర్లో ఉన్న దొంకల మీది ఎర్రగుడ్డ మనుషులందర్నీ పందిట్లోకి రప్పించుకున్నాడు. ఎందుకు? చప్పట్లు కొట్టడానికి.

అలా ఖాళీ అయిన ఒక దొంకలో ఒక ముసలి రైతుకూలీ గడ్డిబండితో కాచుకుని ఉన్నాడు. ఎర్రగుడ్డ కనబడలేదు. గుడ్డ దిగిందంటే వేపమండ దాటిపోయిందనే కదా అర్థం. ఎడ్లను అదిలించి రోడ్డెక్కాడు. మా రోడ్డు మీద బతికినవాడు తప్ప మరొకడు చేయలేని పొరపాటు అది. రూలు తెలిసినందువల్ల చేసిన పొరపాటు.

భాయ్ ఎడ్లను తప్పించాడు. తనను తాను తప్పించుకోలేకపోయాడు. పక్కన రాయి ఉంది.

నేను ఆయన దుమ్ములోనే ఉన్నాను కాబట్టి ముందు చేరింది నేనే. ఆయన తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ దొంక దాకా సభ మైకు వినబడుతోంది. ప్రెసిడెంటు గొంతు మా ప్రాంతపు యువకుల సాహసాన్ని పొగుడుతోంది. తర్వాత చప్పట్లు. భాయ్ చివరగా విన్నవి ఆ చప్పట్లేనేమో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను నిద్రలో నుంచి లేపుతుంది.

మూడో రోజుకల్లా ఆత్మకూరు టీకొట్లలో ఒక మాట పుట్టింది. “తాగి తోలినాడంట.” ఎక్కడ పుట్టిందో, ఎవరి అరుగు మీద నుంచి నడిచొచ్చిందో నాకు తెలుసు. సోడా గొంతులో గుచ్చుకుంటుందని వదిలేసే మనిషి భాయ్. అదే వారంలో ఆ ముసలి బండివాణ్ని స్టేషనులో కూర్చోబెట్టారు. ఒక విలేకరి మహాశయుడు ‘అతివేగం’ అని రాశాడు. దొంక దగ్గర గుడ్డ ఎందుకు లేదని ఒక్కడూ అడగలేదు. నేను జీవితంలో చాలా పుస్తకాలు చదివాను. తాలూకాఫీసు గుమాస్తాకు చదువు తప్ప వ్యసనం ఏముంటుంది? అన్నిట్లోనూ ఒకటి గమనించాను. పెద్దవాళ్లు చేసిన ఘోరాలు పుస్తకాల్లో వానలాగా వాటంతట అవే కురుస్తాయి. చిన్నవాళ్లు చేసిన తప్పుకు మాత్రం ఊరూ పేరూ ఉంటాయి.

బండి అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. మా ఇంటావిడ అప్పటికే తాళంచెవి బియ్యం డబ్బాలో అడుగున దాచేసింది. తీసివ్వమని నేను అడగలేదు. బండి అమ్మే సంగతి చెప్పడానికే ఉదయగిరి వెళ్లాను. భాభీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన స్త్రీ ఆ కొన్ని నెలలూ గడప దాటదు, పరాయి మగవాడికి కనబడదు. మధ్యలో పరదా. అవతల ఆకురాయి కర్ర మీద గీస్తున్న చప్పుడు.

“బండి అమ్మేస్తా ఉండా భాభీ. ఇంక పోటీలు నా వల్ల కాదు.”

చప్పుడు ఆగలేదు. “ఎవురు మానుకోమన్నారు?”

“ఎవురూ అనలా. కళ్లు మూస్తే ఆయనే కనబడతాండాడు.”

“నాకు కళ్లు తెరిచినా కనబడతాండాడు. నేనేం అమ్ముకోవాల?”

మళ్లీ ఆమే అడిగింది. “ఆ బండి తాతను స్టేషన్లో పెట్టినారంట, నిజమేనా?”

“నిజమే.”

“మసీదు పెద్దల్ని పంపించినా. ఆ తాత మీద నాకు ఫిర్యాదు లేదని చెప్పమన్నా. గుడ్డ ఉంటే నిలబడినాడు, లేకపోతే వచ్చినాడు. ఇంకేం చెయ్యాల ఆయప్ప?”

ఆ మాట అనడానికి నాకు ఏళ్లు పట్టేది. ఆమెకు ఇంకా కన్నీళ్లు ఆరకముందే నోట వచ్చింది. తర్వాత ఆమె అన్న మాటలు మాత్రం పరదా గుర్తున్నంత స్పష్టంగా గుర్తున్నాయి.

“తమ్ముడూ, నువ్వు మానేస్తే ఏమైతాదో తెలుసా? రోడ్డుది తప్పయితాది. బండిది తప్పయితాది. మొగోళ్ల పిచ్చి అయితాది. గుడ్డ దించినోడిది మాత్రం కాకుండా పోతాది. నువ్వు బండి అమ్మినావంటే వాని నెత్తిన పాలు పోసినట్టే.”

“మరి నాకేమన్నా అయితే?”

ఆకురాయి ఆగింది. “అందుకే చెప్తాండా, గుడ్డ మేం పట్టుకుంటాం. మానేదుంటే మానుకో, నేను వద్దనను. కానీ ఏడ్చి దిగొద్దు. గెలిచి దిగు.”

ఇంటికి వచ్చి ఈ మాట మా ఇంటావిడకు చెప్పాను. ఆమె లేచి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తాళంచెవి నా ముందు పడేసి, “ఆయమ్మే నిలబడతాంటే నేను డబ్బాల్లో దాచుకుంటే ఏం బాగుంటాది” అంది. ఆమె కూడా ఇప్పుడు లేదు. ఈ వ్యాసం ఆమె గురించి కాదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

మరుసటి ఉగాదికి ప్రెసిడెంటు, పోటీ లేదన్నాడు. “ప్రాణాలు పోతాండాయి, మానవత్వం ఉండాల గదా” అన్నాడట, తాంబూలం నములుతూ. కప్పు ఆయన బీరువాలోనే ఉండిపోయింది. పోనిమ్మన్నాం. పోటీ మేమే పెట్టుకున్నాం. కావలి నుంచీ బద్వేలు నుంచీ కూడా వచ్చారు. ఎర్రగుడ్డలు భాభీ ఇచ్చింది. అవి బజార్లో కొన్నవి కావు. తన పెళ్లినాటి ఎర్ర దుపట్టాను తానే చించి, దొంకకొక ముక్క చొప్పున పంచింది. ఆ వీధిలో చెంచాలు చెక్కే వాళ్లంతా, జట్కావాళ్లూ టైలర్లూ, తెల్లారకముందే తలా ఒక ముక్క తీసుకుని నడిచి వెళ్లి నిలబడ్డారు. నెల తిరక్కుండా వాళ్లలో కొందరికి ప్రెసిడెంటు మనుషుల నుంచి బెదిరింపులూ వచ్చాయి. ఒక్కడూ గుడ్డ వెనక్కి ఇవ్వలేదు.

ఆ పరుగు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఆత్మకూరు దాటిన దగ్గర్నుంచి ప్రతి దొంకలోనూ ఎర్రటి ముక్క. ప్రతి ముక్కకూ చివర్న ఒక అంగుళం జరీ. ఎండ పడి ఆ జరీ తళుక్కుమంటుంది, మరుక్షణం వెనక్కి పోతుంది, అంతలో ముందు ఇంకొకటి. ఒక ఆడమనిషి పెళ్లిబట్ట దారి పొడవునా పరిచినట్టుంది. వింజమూరు దాటేసరికి నా ముందు ఒక్క బండీ లేదు. మొదటిసారి నేను ఎవరి దుమ్మూ తినకుండా గాలి పీలుస్తున్నాను. గెలుపు రుచి అదేనని తెలిసింది. దుమ్ము లేని గాలి.

ఆ దొంక దగ్గరికొచ్చేసరికి, అనుకోకుండానే నా చెయ్యి వేగం తగ్గించబోయింది. అప్పుడు చూశాను. దొంక మూతిలో నల్ల బురఖా. పైకెత్తిన చేతిలో ఎర్రగుడ్డ. ఆమె పక్కన తన ఎడ్ల ముకుతాళ్లు పట్టుకుని నిలబడిన ముసలి బండివాడు. వాళ్ల వెనక, దొంకలో, ఆగిపోయిన జీపు. జీపులో ప్రెసిడెంటు. చెయ్యి మళ్లీ వేగం పెంచింది. నేను పెంచలేదు, అదే పెంచుకుంది.

అక్కడేం జరిగిందో బండివాడు తర్వాత చెప్పాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

“పోటీ చెడగొట్టాలనే వచ్చినాడయ్యా, దొర. హారను కొట్టినాడు. బీబమ్మ కదల్లా. దిగొచ్చి, ‘ఏయ్, పక్కకు జరుగు. ఎవురనుకున్నావు నన్ను?’ అన్నాడు. ఆయమ్మ, ‘తెలిసే నిలబడినా. ఆఖరి బండి దాటలా’ అనింది. ‘రోడ్డు మా నాయన ఏయించినాడు’ అన్నాడు. ‘ఏయించినాడు. మా ఆయన దాని మీద పడుకున్నాడు. వేపమండ రావాల’ అనింది. అంతే. జీపెక్కి కూర్చున్నాడు. మెకానిక్ పెద్దాయన ఆ రోజు ఇంకా నిదానంగా తోలినాడు లే, ఎవురో చెప్పినట్టుండారు. వేపమండ వచ్చేదాకా దొర ఎండలో అట్నే ఉడికినాడు. నా ఎడ్లు కూడా నవ్వినాయి!”

ఆ ముసలాయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

గెలిచాను. కప్పు లేదు కదా, సాయంత్రం భాభీ ఇంటి ముందు అందరి ఎదుటా నాకు ఒక కొండకర్ర గరిటె ఇచ్చారు. భాయ్ సగం చెక్కి వదిలేసిన గరిటె అది. మిగతా సగం ఆమె పూర్తి చేసింది. బద్వేలు కుర్రాళ్లు దాన్ని నా భుజాన పెట్టి గదలాగా ఊరేగించారు. లోపల నుంచి పాత గొంతే వినబడింది.

“ఏం తమ్ముడూ, దుమ్ము లేకుండా అన్నం దిగతాదా ఈ పొద్దు?”

ఆ మాటకు మాత్రం అందరి ముందూ ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది. “గెలిస్తివి గదా. మరి దిగతావా?”

ఏడాదంతా నన్ను తిన్న ప్రశ్న అది. దానికి జవాబు నా నోట్లో అప్పటికప్పుడు సిద్ధంగా ఉంది. “పోటీ నుంచి దిగతా భాభీ. రోడ్డు మీద నుంచి దిగను. మెకానిక్ పెద్దాయనకు చూపు తగ్గింది. ఆఖరి బండి నాకియ్యండి.”

ఆ తర్వాత నేను మళ్లీ ఎవరితోనూ పోటీ పడలేదు. ఎనభయ్యో దశకంలో రోడ్డు మీద లారీలూ బస్సులూ పెరిగి, మా సరదాకు చోటు లేకుండా పోయేదాకా, ప్రతి ఉగాది మరునాడూ వేపమండ కట్టుకుని అందరి వెనకా వెళ్లింది నేనే. ఆ దొంక దగ్గర భాభీ గుడ్డ దించి, బురఖా ముసుగు వెనక నుంచే, “పో, పో, అన్నం ఆరిపోతాది” అనేది. అన్నేళ్లలో ఒక్క ప్రాణానికీ హాని జరగలేదు. నేను గొప్పగా చెప్పుకోగలిగింది జీవితంలో ఇదొక్కటే.

గరిటెను నేను గోడకు తగిలించబోతే ఆమె ఒప్పుకోలేదు. “వాడే వస్తువును గోడకెక్కిస్తే చచ్చిపోతాది” అంది. అందుకే మా ఇంట్లో పులుసు ఇప్పటికీ దానితోనే కలుపుతారు. అంచు అరిగి ఒక పక్కకు వాలింది. భాయ్ చెక్కిన సగం ఏదో, ఆమె చెక్కిన సగం ఏదో చేతితో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది.

ఇక నా కోపం సంగతి. జరిగింది జరిగినట్టు పేరు పెట్టి అచ్చేయిస్తానని అప్పట్లోనే ఆమెతో అన్నాను. నిజం రాయడానికి నాకు భయం లేదన్నాను.

“నీకు భయం లేదు సరే. ఆ బండి తాత గుడిసె ఎవురి గట్టు మీద ఉండాది?” అంది భాభీ.

ప్రెసిడెంటు గట్టు మీద.

“నువ్వు పేరు రాస్తే పొద్దున్నే ఆ గుడిసె లేస్తాది. నీ కోపానికి ఆయప్ప ఎందుకు తడవాల? మేమంతా పోయినాక రాసుకో.”

అలా నా నోరు కట్టేసింది. బండి తాత పోయాడు. ప్రెసిడెంటూ పోయాడు, నిండు గౌరవంతో, మంచం మీద. ఏటా ఎండాకాలం ఆయన పేరు మీద బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. దాహంతో చచ్చినా నేను అక్కడ నీళ్లు తాగను.

మొన్న భాభీ శవాన్ని మోసుకుని జనాజా బయలుదేరింది. ఇరుకు వీధి. పెద్దరోడ్డు దాటాలి. ఆ మూల మీద ఆటోలూ బైకులూ హారన్లతో హోరెత్తుతున్నాయి. నాకు ఫోన్ చేసిన ఆటో మనిషి పరుగెత్తి వెళ్లి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. అతను ఆ బండి తాత మనవడు. మెడలోని ఎర్ర తువ్వాలు తీసి రెండు చేతులా పైకెత్తాడు. ఎవడో కారువాడు అరిచాడు. “పోయింది గదా శవం, జరుగు!”

“ఆఖరి మనిషి దాటలా” అన్నాడతను.

ఆఖరి మనిషిని నేనే. మోకాళ్ల నొప్పులతో అందరి వెనకా నడుస్తున్నాను. రోడ్డు దాటాను. అప్పుడు గుడ్డ దించాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. “గుడిసె సంగతేందిరా ఇప్పుడు?”

“గుడిసెక్కడుంది పెద్దయ్యా, మా నాయన కాలంలోనే సొంత చోట్లో మిద్దె ఏసినాం. ఆ గట్టుతో మాకేం పని?” అద్దంలో నన్ను చూసి అన్నాడు. “రాసుకో పో. బీబమ్మ కూడా పోయింది గదా.”

రాస్తున్నాను. ప్రెసిడెంటు మనుషులు చదవాలనే రాస్తున్నాను. ఉదయగిరి దగ్గర దొంకలో ఎర్రగుడ్డ దింపించినవాడు, దింపించి చప్పట్లు కొట్టించుకున్నవాడు, చచ్చినవాణ్ని తాగుబోతును చేసినవాడు, ఒక బురఖా ముందు ఎండలో జీపులో కూర్చుని వేపమండ కోసం కాచుకున్నవాడు, మాలకొండయ్య.